గప్పీలు అన్నీ మగవే ఉంచడం సబబేనా?

కొత్తతొట్టి:
నాది 60 లీటర్ల తొట్టి. 4 నెలల క్రితం 2 మగ, 3 ఆడ గప్పీ చేపలతో మొదలుపెట్టాను. ఇప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మానేశాను. మిగతావాటిని తొట్టెలున్న స్నేహితులకు ఇచ్చేసి, మంచి రంగున్న మగవాటిని 8 మాత్రమే ఉంచుకుందామని ఆలోచన. ఒకరేమో మగవే ఉంటే కొట్టుకు చస్తాయన్నారు, ఇంకొకరేమో అంతకన్నా నెమ్మదైన తొట్టి లేదన్నారు. పెంచి చూసినవారు చెప్పండి.

తోకచుక్క:
నిశ్చింతగా చేయండి. మూడేళ్లుగా నా తొట్టిలో మగవే ఉన్నాయి. ఆడ గప్పీ దాదాపు నెలకొకసారి ఈనుతుంది. ఎదిగిన తల్లి అయితే ఒక్కో ఈతకు (ఈదే ఈత కాదు, ఈనే ఈత) 20, 30, ఒక్కోసారి 50 పిల్లలు. "అయితే ఆడవే ఉంచవచ్చు కదా" అంటారేమో, అదీ కుదరదు. ఒకసారి జతకట్టిన ఆడది వీర్యాన్ని నెలల తరబడి లోపలే దాచుకుని, మగది కంటికి కనబడకపోయినా ఈనుతూనే ఉంటుంది. పిల్లలు వద్దనుకునేవారికి మగ తొట్టి ఒక్కటే దారి.

నాచుమడుగు:
దారి మనకు సుఖమే, చేపకో? మగ గప్పీకి మెలకువగా ఉన్నంతసేపూ ఒకటే పని: ఆడదాని ముందు ఒళ్లు వంచి, తోక విప్పి, వణుకుతూ నిలబడటం. ఆడది లేకపోతే ఆ పని ఆగదు, పక్కనున్న మగదాని మీదకు మళ్లుతుంది. నేను 3 మగవాటిని ఉంచాను. నెల తిరిగేసరికి అన్నిటికన్నా చిన్నదానికి తోక పీలికలైంది. తర్వాత అంచులు కుళ్లడం మొదలైంది. అది హీటర్ వెనుకే బతికి, అక్కడే చచ్చిపోయింది. ఆ రంగులు పుట్టిందే ఆడదాని కంటి కోసం. రంగును ఉంచుకుని కంటిని తీసేస్తామంటున్నారు మీరు.

తోకచుక్క:
నాచుమడుగు గారూ, మీ చేప పోయినందుకు బాధగానే ఉంది. కానీ మీరు ఎంచుకున్న అంకే చెడ్డది. మూడింటిలో రెండు కలిసి మూడోదాని వెంటపడతాయి, దానికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. ఏడెనిమిది ఉంటే ఆ తరుముడు అందరికీ పంచబడుతుంది. ఒకదాన్ని తరుముతుండగానే ఇంకొకటి అడ్డం వస్తుంది, ఎవరిని తరుముతున్నామో మొదటిదే మరిచిపోతుంది.

లెక్కలమాస్టారు:
"ఆడవాటితో ఉండటమే సహజం" అనే మాటను కాస్త విప్పి చూద్దాం. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలని అందరూ ఎందుకంటారు? ఒక్కటే ఆడది ఉంటే మగవి దానికి మేత కూడా తిననివ్వవు కాబట్టి. అంటే వేధింపు అక్కడా ఉంది, పడేది ఆడది, అంతే తేడా. ఇక సహజం మాట. గప్పీ సొంత ఊళ్లలో ఒకటైన కరీబియన్ దీవి ట్రినిడాడ్ వాగుల్లో దాన్ని తినే చేపలున్నాయి. 1980లో జాన్ ఎండ్లర్ అనే జీవశాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగాల్లో, గట్టి వేటచేపలున్న చోట మగ గప్పీల మచ్చలు తరాలు గడిచేకొద్దీ తగ్గాయి, అవి లేని చోట పెరిగాయి. మన గాజు పెట్టెలో వేటచేప లేదు, పారిపోవడానికి వాగూ లేదు. ఇందులో ఆడవాటిని వదిలితే సహజం, వదలకపోతే అసహజం అనడం నాకు ఒప్పుదల కాదు.

నాచుమడుగు:
వేటచేప లేకపోయినా తల్లే పిల్లల్ని తింటుంది కదా మాస్టారూ. దట్టమైన మొక్కలు పెట్టకపోతే సంఖ్య దానంతట అదే అదుపులో ఉంటుంది.

తోకచుక్క:
మగవాటి తోకలు చిరగకుండా ఉండాలంటే దట్టంగా మొక్కలు కావాలి, పిల్లలు మిగలకూడదంటే మొక్కలే వద్దు. రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోండి.

పాతనీరు:
ఇద్దరి మాటా కొంతవరకే నిజం. నా 10 మగవి ఏడాదిపాటు ప్రశాంతంగా ఉన్నాయి. ఆ తర్వాత పొరపాటున ఒక ఆడపిల్ల చేరింది. రంగు ఆలస్యంగా వచ్చే మగదేమో అనుకున్నాను. రెండు రోజుల్లో తొట్టి యుద్ధభూమి అయింది. దాన్ని తీసేశాక కూడా వారం వరకు అవి కుదుటపడలేదు. కాబట్టి రంగును నమ్మకండి, పొట్ట కింద, మలద్వారం వెనుక ఉండే రెక్కను చూడండి. మగదానికి అది సన్నని పుల్లలా వెనక్కి ఆనుకుని ఉంటుంది, ఆడదానికి విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. ఆడవాటిని అదే తొట్టిలో వలపెట్టెలో ఉంచుదామని అనుకోవద్దు, మగవి రోజంతా ఆ వలకే ముక్కు రాస్తుంటాయి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ ప్రస్తావించలేదు. పొట్టి తోకవాటినీ, పరికిణీ లాంటి పెద్ద తోకవాటినీ కలపకండి. పెద్ద తోక బరువుకు చేప నెమ్మదిగా ఈదుతుంది, చురుకైన పొట్టి తోకవి దాన్ని కొరుకుతాయి. ఏదైనా ఒకటి చనిపోతే దాని స్థానంలో ఒక్కదాన్నే తేవద్దు, కొత్తదాని మీద అన్నీ పడతాయి. రెండు మూడు తెచ్చి, కొన్ని వారాలు విడిగా ఉంచి, మొక్కలూ రాళ్లూ చోటు మార్చి అప్పుడు వదలండి. తమ మూల ఏదో పాతవాటికే తెలియకపోతే గొడవ తగ్గుతుంది.

నాచుమడుగు:
ఇలా అయితే కొంత ఒప్పుకుంటాను. కానీ వీటిలో ఏ ఒక్కటి చేయకపోయినా బలయ్యేది చిన్న చేపే. ఎవరైనా అడగగానే "నిశ్చింతగా చేయండి" అనడమే నాకు నచ్చనిది.

కొత్తతొట్టి:
అందరికీ కృతజ్ఞతలు. మిగిలినవాటిని చెరువులో వదిలేయమని మా బంధువు ఒకాయన అంటున్నారు.

లెక్కలమాస్టారు:
వద్దండీ. దోమల కోసమని గప్పీలను చాలా దేశాల్లో వదిలారు. అవి అక్కడే పాతుకుపోయి స్థానిక చేపలకు పోటీ అయ్యాయి. స్నేహితులకు ఇస్తామన్నారు కదా, ఆ మాట మీదే ఉండండి.

కొత్తతొట్టి:
సరే. ఈ రోజు 8 మగవాటిని వేరుచేశాను. అన్నిటి తోకలూ ఒకే రకం, పెద్దవి. ఏడవదాని ఫోటో పెడుతున్నాను, తోకలో కాస్త నారింజ రంగు తప్ప మిగతాదంతా బూడిద రంగే. చిన్నది కదా, రంగు ఇంకా రావాలనుకుంటాను.

పాతనీరు:
కింది రెక్క చూడండి. విసనకర్ర.