రొయ్యల ప్లాంటులో హెచ్‌ఆర్ కొత్తగా పెడుతున్నాం, ముందు ఏది పట్టుకోవాలి?

ప్రశ్న (ఉండి_కాలువ):

భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటండి. మొత్తం 130 మంది. ఆఫీసు, క్వాలిటీ, మెషీన్ రూము కలిపి 34 మంది కంపెనీ రోల్స్ మీద ఉన్నారు. తలలు తీసేవాళ్లు, ఒలిచేవాళ్లు, గ్రేడింగు చేసేవాళ్లు 96 మంది. వీళ్లంతా కూలీలను కుదిర్చే ఇద్దరు మేస్త్రీల కింద. హాజరు సూపర్‌వైజరు నోటుపుస్తకంలో రాస్తాడు, జీతాలు అకౌంటెంటు వేస్తాడు. ఇప్పుడు హెచ్‌ఆర్ (సిబ్బంది వ్యవహారాలు చూసే విభాగం) అని విడిగా పెట్టమంటున్నారు.

పుస్తకాల్లో ప్లానింగు, రిక్రూట్‌మెంటు, ట్రైనింగు, అప్రైజలు (పనితీరు అంచనా) అని ఓ వరుస ఉంటుంది. అదే వరుసలో పోవాలా? మా బాధలు మూడు: సరుకు ఎక్కువ దిగిన రోజే మనుషులు తక్కువ. జీతాల రోజు గొడవ. కొత్తవాళ్లు మూడు నెలలు తిరక్కుండా మానేస్తున్నారు.

జవాబు 1 (మస్టర్_రోల్):

అప్రైజలు ఇప్పట్లో ముట్టుకోకండి. మనిషి ఎన్ని రోజులు వచ్చాడో తేలని చోట ఎంత బాగా చేశాడో ఎలా తేలుస్తారు?

ముందు 130 మందికీ ఒకే జాబితా. ఆధార్‌లో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, పని, ఎవరి కింద, బ్యాంకు ఖాతా, పీఎఫ్ (భవిష్య నిధి)లో మనిషికి ఇచ్చే యూఏఎన్ నంబరు, ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) నంబరు. మన వైపు ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోదాంట్లో పొడి అక్షరం. ఆధార్‌కీ పీఎఫ్ ఖాతాకీ ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు తీసుకునే రోజున క్లెయిము వెనక్కి రావచ్చు. చేరిన రోజే సరిచూస్తే పది నిమిషాల పని, మూడేళ్ల తర్వాత మూడు నెలల పని.

మేస్త్రీ మనుషులు మన లెక్కలోకి రారనుకోకండి. పీఎఫ్‌కి 20 మంది, ఈఎస్‌ఐకి 10 మంది అన్న లెక్కలో వాళ్లూ ఉంటారు. మేస్త్రీ కట్టకపోతే బాధ్యత ప్లాంటుదే. అందుకే కట్టిన చలానా, దానితో వచ్చే జాబితాలో అతని మనుషులందరి పేర్లు చూశాకే ఆ మేస్త్రీ బిల్లు పాస్ చెయ్యండి.

తర్వాత హాజరు. వేలిముద్ర మెషీను కొనకండి. రోజంతా ఐసులో, నీళ్లలో నానిన వేళ్లకి గీతలు అరిగిపోతాయి, మెషీను చదవదు, మళ్లీ నోటుపుస్తకమే గతి. ముఖం చూసే మెషీను పెట్టండి, అదీ బట్టలు మార్చుకునే గదికి బయట. లోపల పెడితే టోపీ, మాస్కుతో ఎవరూ కనపడరు. రాత్రి షిఫ్టు అర్ధరాత్రి దాటితే చాలా మెషీన్లు దాన్ని రెండు రోజులుగా విడగొట్టి, రెండు రోజులకీ ‘అవుట్ లేదు’ అని చూపిస్తాయి. షిఫ్టు మొదలైన తేదీకే గంటలన్నీ వేసేలా సెట్టింగు మార్పించండి. మీ జీతాల రోజు గొడవల్లో చాలావరకూ ఇక్కడే పుడుతున్నాయని నా అనుమానం. నిన్నటి మస్టరు (హాజరు పట్టీ) ఈ రోజు పదింటికల్లా సూపర్‌వైజరు సంతకంతో మూసెయ్యాలి. ఆ తర్వాత దిద్దాలంటే కారణం రాసి, ఇంకొకరి సంతకం.

మూడోది నియామక పత్రం. 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి కాబట్టి ఇది ప్రతి ఒక్కరికీ ఇవ్వాల్సిందే. తెలుగులో ఒక్క పేజీ చాలు: పని, జీతం విడివిడిగా, పని గంటలు, వారపు సెలవు, మానెయ్యాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఒడిశా నుంచి వచ్చినవాళ్లుంటే ఒడియాలో.

జవాబు 2 (పే_స్లిప్పు):

జీతాల గొడవ సగం హాజరుది, సగం స్లిప్పు లేకపోవడంది. నెలకి 12,000 జీతం, అలవెన్సులు ఏమీ లేవనుకుందాం. పనివాడి పీఎఫ్ 12 శాతం 1,440, ఈఎస్‌ఐ 0.75 శాతం 90. చేతికొచ్చేది 10,470. యాజమాన్యం వైపు పీఎఫ్ 1,440 (ఇందులో 1,000 పెన్షన్‌కి పోతుంది), బీమా 60, నిర్వహణ చార్జీ 60, ఈఎస్‌ఐ 3.25 శాతం 390. అంటే 12,000 మనిషి మీకు 13,950 పడతాడు, బోనసు, గ్రాట్యుటీ కాకుండా. చేరేటప్పుడే ‘చేతికి 10,470’ అని చెప్పాలి. 12,000 అని చెప్పి 10,470 వేస్తే మొదటి నెలే దొంగలమైపోతాం.

పీఎఫ్ తగ్గించుకుందామని బేసిక్ చిన్నది చేసి అలవెన్సులు పెంచే పద్ధతి ఇక నడవదు. కోడ్ ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంతా వేతనంలో కలుస్తుంది. మొత్తం 18,000లో బేసిక్ 6,000 పెట్టారనుకోండి, మిగతా 12,000లో 3,000 తిరిగి వచ్చి వేతనం 9,000 అవుతుంది.

ఒలుపు కిలోల లెక్కన అయితే ఇంకో తిరకాసు. 30 కౌంటుకీ (కిలోకి 30 రొయ్యలు) 100 కౌంటుకీ ఒకే రేటు పెడితే చిన్న రొయ్య ట్రే ఎవరూ తీసుకోరు, తీసుకున్నవాళ్లు సాయంత్రానికి నష్టపోతారు. కౌంటుని బట్టి రేటు, ఆ రేటు గోడ మీద. తూకం నీళ్లు ఓడ్చాకే, తూచిన ప్రతిసారీ చీటీ. సరుకు రాక కూర్చోబెట్టిన రోజైనా కనీస వేతనానికి తగ్గకూడదు, కిలోలు తక్కువయ్యాయి అన్న మాట చెల్లదు. ఓటీ (అదనపు గంటల పని) అంటే రెట్టింపు రేటు. ‘రాత్రి ఉన్నారు కదా, బత్తా, భోజనం ఇచ్చాం’ అంటే ఓటీ ఇచ్చినట్టు కాదు.

నెల జీతం తర్వాతి నెల 7లోపు, పీఎఫ్, ఈఎస్‌ఐ 15లోపు.

ఉండి_కాలువ:

చాలా థాంక్సండీ. మేస్త్రీలు సంక్రాంతికి ముందు అడ్వాన్సులు ఇస్తారు, అవి తీరేదాకా మనిషి వెళ్లడానికి లేదంటారు. ఇది కొనసాగించొచ్చా? మనుషులు తక్కువ పడే సంగతీ ఎవరైనా చెప్పండి.

జవాబు 3 (దాళ్వా):

అడ్వాన్సు ఇవ్వడం తప్పు కాదు, ‘తీరేదాకా వెళ్లకూడదు’ అనడమే తప్పు. ఆ మాటతో అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది, మేస్త్రీ అన్నాడని ప్లాంటు తప్పించుకోలేదు. అడ్వాన్సు కంపెనీ పేరున బ్యాంకులో వెయ్యండి, జీతంలోంచి నెలనెలా ఎంత కోస్తారో ముందే రాయండి, అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం దాటనివ్వకండి. మానేస్తే ఆఖరి లెక్కలో సర్దుకోండి. ఆ ఆఖరి లెక్క కూడా రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి.

మనుషుల సంగతి. బల్లల దగ్గర 80 మంది కావాలి, సగటున నూటికి 15 మంది రారు అంటే 80ని 0.85తో భాగించాలి: 95 మంది జాబితాలో ఉండాలి. 80 కావాలని 80 మందినే పెట్టుకుంటే ఏ రోజూ చాలరు. ఆ 15 అనేది మీ మస్టరులోంచి నెలవారీగా తీయండి, ఏడాదికంతా ఒకటే అంకె పనికిరాదు. సార్వా కోతలకి, దాళ్వా కోతలకి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చేలోకి పోతారు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ కోడిపందాల బరులు వదిలి ఎవరూ రారు. ఆ మూడు రోజులకి చెరువుల్లో రొయ్యల పట్టుబడి తగ్గించమని కొనుగోలు వాళ్లతో నవంబరులోనే మాట్లాడుకోవడం హెచ్‌ఆర్ పనే. బతిమాలి పిలిపించుకోవడం కన్నా అదే చవక.

హాజరు బోనసు పెడితే ఒక్క జాగ్రత్త. నెలంతా వస్తేనే ఇస్తామంటే విరేచనాలు పట్టినవాళ్లూ, చెయ్యి తెగినవాళ్లూ దాచుకుని వస్తారు. తినే సరుకు దగ్గర అది ప్రమాదం. వాళ్లకి జీతంతో సెలవు ఇచ్చి, ఆ రోజుల్ని బోనసు లెక్కలోంచి మినహాయించండి.

కొత్తవాళ్లు మానెయ్యడం గురించి: మానేసినవాళ్లను చేరిన ఎన్నాళ్లకి పోయారో దాన్ని బట్టి విడగొట్టి చూడండి. మొదటి వారంలో పోయేవాళ్లు చలికి, నిలబడే పనికి పోతారు. చేర్చుకునే ముందే ఒక గంట లోపల తిప్పి చూపిస్తే వాళ్లు చేరరు, మీకూ ఖర్చు ఉండదు. మొదటి జీతం తర్వాత పోతున్నారంటే కిలోల లెక్క చూడండి. చెయ్యి తిరగని మనిషి పాతవాళ్లలో సగం కూడా ఒలవలేదు, మొదటి రోజు నుంచే కిలోల మీద కడితే చేతికి ఏమీ రాదు. మొదటి నాలుగు వారాలు రోజుకూలీ కట్టి, పక్కన ఒక పాత మనిషిని పెట్టి, ఆవిడకి నేర్పినందుకు కొంత ఇవ్వండి.

జవాబు 4 (గట్టుమీద):

రెండు సంగతులు మిగిలాయి. మీ ప్లాంటులో ఆడవాళ్లే ఎక్కువ ఉంటారు కాబట్టి పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద, ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ వెంటనే వెయ్యండి, 10 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న ప్రతి చోటా ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్లు, బయటి సభ్యులు ఒకరు. మేస్త్రీని గానీ అతని బంధువుని గానీ అందులో పెట్టకండి, పెడితే ఒక్క ఫిర్యాదూ రాదు.

రెండోది, ‘రేపటి నుంచి రావద్దు’ అని నోటితో పంపించెయ్యడం. తప్పు ఏమిటో తేదీతో సహా రాసి నోటీసు, జవాబుకి గడువు, ఒప్పుకోకపోతే విచారణ, ఆ తర్వాతే ఉత్తర్వు. విచారణ చేసేది ఫిర్యాదు చేసిన సూపర్‌వైజరు కాకూడదు. తప్పు నిజమే అయినా ఈ వరుస తప్పితే కేసు పనివాడి వైపు పోయే ప్రమాదం ఉంది.

పే_స్లిప్పు:

పైన ఒకటి వదిలేశాను. ఈఎస్‌ఐ వర్తించే నెల జీతం పరిమితి 21,000. మధ్యలో జీతం పెరిగి ఇది దాటినా వెంటనే ఆపకూడదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు చందా కాలాలు. జూన్‌లో దాటితే సెప్టెంబరు దాకా పూర్తి జీతం మీద కడుతూనే ఉండాలి. మీ 34 మందిలో క్వాలిటీ, మెషీన్ రూము వాళ్లకి ఇంక్రిమెంట్లు వేసేటప్పుడు అకౌంటెంటుకి ఇది గుర్తుచెయ్యండి.