ఇంట్లోనే క్లీనింగ్ లిక్విడ్లు: బోరు నీళ్ళకు పనిచేసేవి ఏవి?

బైరాగిపట్టెడ_కోడలు:
అందరికీ నమస్కారం. మేము తిరుపతి బైరాగిపట్టెడలో అద్దెకుంటున్నాం. బోకులు తోమే లిక్విడ్, బండలు తుడిచేది, బాత్రూమ్‌ది, కుళాయిలకు కొట్టే స్ప్రే, వీటికే నెలనెలా చాలా డబ్బు పోతోంది. పైగా బోరు నీళ్ళు. కుళాయిని ఈరోజు తళతళలాడేలా తుడిస్తే ఎల్లుండికి మళ్ళీ తెల్లగా పొర కడుతుంది. వంటసోడా, వెనిగర్ కలిపితే ఇల్లంతా శుభ్రం చేసుకోవచ్చని వీడియోల్లో చెప్తున్నారు. ఆ నురగ పొంగడం చూస్తే నమ్మాలనిపిస్తుంది. కానీ ఇంట్లో పాకే బాబు ఉన్నాడు, నేల మీద ఏం వాడాలన్నా టెన్షన్. తక్కువ ఖర్చులో నిజంగా పనిచేసేవి ఎవరైనా చెప్పండి.

చిత్తూరు_సైన్స్_టీచర్:
అమ్మా, ముందు ఆ నురగ సంగతి చూద్దాం. వంటసోడాది క్షార గుణం, వెనిగర్‌ది పులుపు. రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఒకటి చంపేస్తుంది. పొంగేది కార్బన్ డయాక్సైడ్. అది పోయాక మిగిలేది సోడియం అసిటేట్ అనే ఉప్పు కలిసిన నీళ్ళే. దాన్ని సీసాలో పోసి దాచుకుంటే రెండిటి డబ్బూ దండగ. విడివిడిగా వాడు. జిడ్డుకు సోడా, తెల్ల పొరకు పులుపు.

కుళాయిల మీద ఉండేది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. దానికి స్ప్రే ఎందుకు? పచారీ అంగడిలో నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, అడుగు. గ్లాసు వేడి నీళ్ళలో రెండు చెంచాలు కరిగించి, పాత బనీను గుడ్డను అందులో తడిపి కుళాయి మెడకు చుట్టు. చెవి దగ్గర పెడితే సన్నగా చిటపటమని వినిపిస్తుంది, పొర కరుగుతున్నట్టే. అరగంట తర్వాత గుడ్డ తీసి, పాత బ్రష్షుతో రుద్ది కడిగెయ్యి. రాత్రంతా మాత్రం వదిలెయ్యొద్దు, పైన మెరుపు పూత పాడవుతుంది. ఆ తర్వాత రోజూ పడుకునే ముందు కుళాయిని పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పొర అంత తొందరగా కట్టదు. నీటి చుక్క అక్కడే ఆరిపోతేనే కదా మరక పడేది.

బోకులకు కుంకుడుకాయలు. గింజ తీసిన పెచ్చులు 100 గ్రాములు, లీటరు నీళ్ళలో రాత్రి నానేసి, పొద్దున ఇరవై నిమిషాలు ఉడికించు. చల్లారాక చేత్తో బాగా పిసికి గుడ్డలో వడకట్టు. కుంకుడులో ఉండే సపోనిన్లే జిడ్డును లాగుతాయి. బజారు లిక్విడ్ అంత నురగ రాదు. నురగ తక్కువైనంత మాత్రాన మురికి పోలేదనుకోవద్దు. బయట రెండు మూడు రోజులకే పులిసిపోతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టుకో, లేదా ఐస్ ట్రేలో గడ్డ కట్టించుకో. కంట్లో పడితే మంట పుడుతుంది, బాబుకు అందనివ్వకు.

బజ్జీల మూకుడు, స్టవ్ చుట్టూ ఉండే జిడ్డు కుంకుడుకు లొంగవు. వాటికి వాషింగ్ సోడా, అంటే బట్టల సోడా. బకెట్ వేడి నీళ్ళకు రెండు మూడు చెంచాలు చాలు. చేతికి గ్లౌజులు వేసుకో. అల్యూమినియం గిన్నెలకు మాత్రం తగలనివ్వొద్దు, నల్లబడతాయి. బాబు పాకే చోట కొంచెం కుంకుడు రసం కలిపిన గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, మళ్ళీ ఒట్టి నీళ్ళతో ఒకసారి తుడిచెయ్యి.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. బాత్రూమ్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట టాయిలెట్ యాసిడ్ గానీ, నిమ్మ ఉప్పు గానీ, వెనిగర్ గానీ పొయ్యొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. చిన్న బాత్రూమ్, తలుపు మూసి ఉంటే ఊపిరితిత్తులకు ప్రమాదం. ఒకటి వాడిన రోజు ఇంకొకటి ముట్టుకోకు.

పుత్తూరు_పెరటితోట:
అక్కా, ఓపిక ఉంటే బయోఎంజైమ్, అంటే పండ్ల తొక్కలు బెల్లం నీళ్ళలో పులియబెట్టి చేసే లిక్విడ్, కూడా చేసుకోండి. బెల్లం ఒక పాలు, తొక్కలు మూడు పాళ్ళు, నీళ్ళు పది పాళ్ళు. జ్యూస్ అంగళ్ళలో చీనీకాయ తొక్కలు పారేస్తుంటారు, అడిగితే ఊరికే ఇస్తారు. బెల్లం మన జిల్లాలో కొదవ లేదు, రంగు తక్కువది తీసుకున్నా చాలు. ప్లాస్టిక్ డబ్బానే వాడండి, గాజు సీసా వద్దు. నిండా పొయ్యకుండా పైన ఖాళీ వదలండి. మొదటి నెల రోజూ మూత కొంచెం తిప్పి గ్యాస్ వదలాలి, లేకపోతే డబ్బా ఉబ్బి పగిలిపోతుంది. మూడు నెలలకు వడకట్టి, నీళ్ళు కలుపుకొని బాత్రూమ్ టైల్స్‌కు వాడుకోవచ్చు. టాయిలెట్‌లో పచ్చగా పేరుకున్న గారకు మాత్రం నాకు దీని మీద పెద్దగా నమ్మకం లేదు.

బైరాగిపట్టెడ_కోడలు:
టీచరమ్మా, చాలా థాంక్స్. ఈరోజే నిమ్మ ఉప్పు తెప్పిస్తాను. మా వంటింట్లో గట్టు, నేల అంతా నల్ల కడప బండలే. వాటి మీద కూడా తెల్ల మరకలున్నాయి. అదే వాడొచ్చా?

చిత్తూరు_సైన్స్_టీచర్:
అస్సలు వద్దమ్మా. కడప బండ సున్నపురాయి జాతి. కుళాయి మీది పొరను కరిగించే పులుపే బండను కూడా తినేస్తుంది. చింతపండు రసం ఒలికిన చోట తెల్లగా గరుకుదేలడం చూసే ఉంటావు. అది మరక కాదు, పైపొర పోయిన గుర్తు. ఎంత తోమినా పోదు, మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే. బయోఎంజైమ్ కూడా పుల్లనిదే, అదీ వద్దు. మార్బుల్‌కూ ఇదే వర్తిస్తుంది. బండకు కుంకుడు రసం కలిపిన గోరువెచ్చని నీళ్ళు చాలు, తర్వాత పొడిగుడ్డతో తుడిచెయ్యి. అద్దె ఇల్లు అన్నావు కాబట్టి, పాలిష్ పట్టించే ముందు ఇంటి ఓనరుతో ఒక మాట అను.