సైపాన్‌లో చనిపోయిన జపాన్ సైనికుడి జెండా దొరికింది, వాళ్ల ఇంటికి చేర్చడం ఎలా?

ప్రశ్న (మిషిగన్ నుంచి):
అందరికీ నమస్కారం. మా పక్కింటి పెద్దావిడకి డెబ్బై అయిదు దాటాయి. ఆవిడ నాన్నగారు అమెరికా మెరీన్స్‌లో ఉండి రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో పసిఫిక్ మహాసముద్రంలోని సైపాన్ దీవిలో జపాన్ వాళ్లతో పోరాడారట. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మొన్న అటక సర్దుతుంటే ఒక చుట్టల పెట్టెలో మడతపెట్టిన పట్టుగుడ్డ బయటపడింది. తెల్ల పట్టు, మధ్యలో ఎర్రటి సూర్యుడు, చుట్టూ కిరణాల్లా సిరాతో నిలువు రాతలు. ఒక మూల గోధుమరంగు మరక ఉంది. "ఇది మా ఇంట్లో ఉండాల్సింది కాదు, వాళ్లకి ఇచ్చేయాలి" అని ఆవిడ పట్టుబడుతున్నారు. జపాన్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా దారి చెప్తారా? ఇచ్చేముందు డ్రై క్లీనింగ్ చేయిస్తే బాగుంటుందా?

జవాబు (నాగోయా నుంచి):
డ్రై క్లీనింగ్ వద్దండి. ఉతకడం, ఇస్త్రీ, లామినేషన్, చిరిగినచోట టేప్ అంటించడం, ఏవీ వద్దు. ఆ సిరా తడి తగిలితే కారిపోతుంది, రాత పోతే ఇల్లు వెతికే దారే పోతుంది. మరక సంగతి ఆ ఇంటివాళ్లకే వదిలేయండి. అది వాళ్ల మనిషిది కావచ్చు.

దీన్ని యొసెగాకి హినోమారు అంటారు. యొసెగాకి అంటే నలుగురూ కలిసి రాసిన రాత, హినోమారు అంటే ఎర్ర సూర్యుడున్న జపాన్ జెండా. కుర్రాడికి సైన్యం నుంచి పిలుపు రాగానే ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు, బడి స్నేహితులు, పనిచేసేచోటివాళ్లు జెండా మీద పేర్లు రాసి చేతికిచ్చేవారు. పెద్ద అక్షరాల్లో కనిపించేవి చాలావరకు "బుఉన్ చోక్యూ", అంటే యుద్ధంలో అదృష్టం చిరకాలం తోడుండాలని. ఆ కుర్రాడు దాన్ని మడిచి ఒంటిమీదే దాచుకునేవాడు.

ఇప్పుడు చేయాల్సింది ఫోటోలు. పగటి వెలుతురులో, తెల్ల దుప్పటి మీద పరిచి, ముందు మొత్తం ఒకటి, తర్వాత నాలుగు మూలలూ విడివిడిగా, దగ్గరగా. సైనికుడి పేరు సాధారణంగా ఒక అంచున కాస్త పెద్దగా ఉంటుంది, చివర "కున్" అనే అక్షరంతో. ఊరిపేరు చాలా జెండాల మీద ఉండదు. అందుకే గుడి ముద్రలు ఎర్రగా ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి, ఏ ప్రాంతమో పట్టుకోవడానికి అవే ఆధారం. ఒకే ఇంటిపేరు పదిచోట్ల కనిపించినా అది కూడా పనికొచ్చే సంగతే.

ఒరెగాన్ రాష్ట్రం ఆస్టోరియాలో ఓబోన్ సొసైటీ అని ఒక సంస్థ ఉంది. అమెరికన్ భర్త, జపనీస్ భార్య కలిసి నడుపుతున్నారు. ఆవిడ తాతగారు బర్మాలో చనిపోతే ఆయన జెండా 2007లో వాళ్లింటికి తిరిగొచ్చింది. ఆ అనుభవంలోంచే ఈ పని మొదలుపెట్టారు. ఇచ్చేవాళ్ల దగ్గర గానీ పుచ్చుకునేవాళ్ల దగ్గర గానీ డబ్బు తీసుకోరు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఫారం నింపి ఫోటోలు జతచేయండి. నాన్నగారు ఏ దళంలో ఉన్నారు, ఎక్కడ ఎప్పుడు పోరాడారు, తెలిసినంతా రాయండి. నెలలు పట్టొచ్చు, ఏళ్లు కూడా పట్టొచ్చు. ఈలోగా మడతపెట్టకుండా, ఆమ్లం లేని పల్చటి కాగితం వేసి గొట్టానికి చుట్టి ఉంచండి. మడత పడినచోటే పట్టు చిట్లుతుంది.

మరో ప్రశ్న:
వేలంలో ఇలాంటివి మంచి ధరకే పోతున్నాయి కదండీ. ఆవిడకి అవసరం ఉంటే అమ్ముకోవడంలో తప్పేముంది?

జవాబు (నాగోయా):
చట్టం సంగతి పక్కన పెడదాం. నా మనసుకి మాత్రం అది ఒప్పదండి. ఆ యుద్ధంలో విదేశాల్లో చనిపోయిన జపాన్ వాళ్లు దాదాపు 24 లక్షల మంది. వాళ్లలో 11 లక్షలకి పైగా మనుషుల అస్థికలు ఈరోజుకీ ఇంటికి రాలేదు. 2017 ఆగస్టులో 93 ఏళ్ల అమెరికా మాజీ సైనికుడు ఒకాయన, తాను సైపాన్‌లో తీసుకున్న జెండాని స్వయంగా పట్టుకుని గిఫు జిల్లా కొండల్లోని హిగాషి షిరకావా గ్రామానికి వచ్చారు. ఆ జెండా సైనికుడి ఇంటికి అప్పట్లో అస్థికలని పంపిన చెక్కపెట్టెలో ఉన్నవి కొన్ని రాళ్లు. అన్న జెండాని తమ్ముడు ముఖానికి ఆనించుకుని వాసన చూశారు, ఆయనకీ అప్పటికి తొంభైకి దగ్గర వయసు. ఆ ఇంటికి అన్న తాలూకు వచ్చింది అదొక్కటే. దానికి ధర కట్టడం నాకు చేతకాదు.

మరో ప్రశ్న (తాడేపల్లిగూడెం నుంచి):
మాది మాధవరం దగ్గర ఊరండి. మా తాతగారు బర్మా యుద్ధంలో ఉన్నారు. ఆయన ట్రంకు పెట్టెలో పొడవాటి తెల్లగుడ్డ ఉంది, నడుముకి కట్టుకునే పట్టీలా. దాని నిండా ఎర్రదారం ముడులు, మధ్యలో చిల్లునాణెం ఒకటి కుట్టి ఉంది. ఇదీ అలాంటిదేనా?

జవాబు (నాగోయా):
అవునండి, దీన్ని సెన్నిన్‌బరి అంటారు, యుద్ధానికి వెళ్లేవాడు క్షేమంగా తిరిగి రావాలని ఇచ్చే నడుముపట్టీ. వెయ్యిమంది ఆడవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో ముడి వేసేవారు. అమ్మో అక్కో వీధి మలుపులో నిలబడి దారినపోయే ప్రతి ఆడమనిషినీ "ఒక్క ముడి వేయండమ్మా" అని అడిగేది. జపాన్ వాళ్ల లెక్కలో పన్నెండేళ్లకోసారి వచ్చే పులి సంవత్సరంలో పుట్టినవాళ్లయితే ఎన్నేళ్లుంటే అన్ని ముడులు వేయొచ్చు. పులి వెయ్యి ఆమడలు వెళ్లినా తిరిగి ఇంటికి చేరుతుందని నమ్మకం. నాణెం అయిదు సెన్‌లది అయ్యుంటుంది, సెన్ అంటే అప్పటి జపాన్ చిల్లర డబ్బు. నాలుగుని "షి" అంటారు, చావుకీ అదే మాట. నాలుగు దాటితే చావు దాటినట్టని అయిదు సెన్‌లు కుట్టేవారు.

చాలా పట్టీల మీద పేరుండదు కాబట్టి ఇల్లు దొరకడం కష్టమే. అయినా లోపలివైపు అంచు తిరగేసి సిరా గుర్తులేమైనా ఉన్నాయేమో చూడండి. నాణెం మాత్రం ఊడదీయొద్దు. చెన్నైలో జపాన్ కాన్సులేట్ ఉంది, ఆంధ్రప్రదేశ్ దాని కిందికే వస్తుంది. అక్కడికి ఫోటోలతో ఉత్తరం రాయండి. ఇలాంటివాటి కుటుంబాలని వెతికే పని జపాన్‌లో ఆరోగ్య, కార్మిక, సంక్షేమ శాఖ చూస్తుంది. ఆర్మీ వాళ్ల సర్వీసు రికార్డులు సొంత జిల్లా ప్రభుత్వాల దగ్గర ఉంటాయి, నౌకాదళానివి ఆ శాఖ దగ్గరే.

ఇంకోమాట, ఎవరి దగ్గరైనా జపాన్ సైనికుడి కత్తి ఉంటే పార్సిల్ చేయకండి. జపాన్‌లో కత్తులకి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఫ్యాక్టరీలో చేసిన సైనిక కత్తులకి అది దొరకదు. ముందు కాన్సులేట్‌ని అడగాల్సిందే.

అడిగినవారు (మిషిగన్):
చాలా థాంక్సండి. సాయంత్రం ఇద్దరం కూర్చుని ఫోటోలు తీశాం. తనకి జెండా గురించి తండ్రి ఒక్కసారి కూడా చెప్పలేదని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఒక ఉత్తరం కూడా జతచేస్తానంటున్నారు, చేయొచ్చా? ఇంకోటి, ఎడమ అంచున అడుగున ఒక పేరు మిగతావాటిలా లేదు. అక్షరాలు తేలిగ్గా, వంకరటింకరగా ఉన్నాయి. ఫోటో పెడుతున్నాను.

జవాబు (నాగోయా):
ఉత్తరం తప్పకుండా జతచేయమనండి. క్షమాపణలా రాయాలని లేదు, తండ్రి ఎలాంటివారో రెండు మాటలు రాసినా చాలు. ఆగస్టు మధ్యలో ఇక్కడ ఓబోన్ వస్తుంది, మన పెద్దల అమావాస్యలా పోయినవాళ్లు ఇంటికొస్తారని నమ్మే రోజులు. అలాంటి ఉత్తరాలని ఇంట్లో పూజాపీఠం దగ్గర పెట్టుకుంటారు.

ఫోటో చూశాను. అది కటకానా, జపనీస్ రాతలో వాడే లిపుల్లో తేలికైనదొకటి. ఆ రోజుల్లో ఒకటో తరగతి పిల్లలకి ముందు నేర్పేది అదే. రాసింది ఆడపిల్ల పేరు, ఇంటిపేరు సైనికుడిదే. చెల్లెలు కావచ్చు. అప్పుడు ఆరేడేళ్లుంటే ఇప్పుడు తొంభైకి దగ్గర పడి ఉంటాయి. ఆ మూల ఫోటో విడిగా పెద్దది చేసి జతపరచండి, ఫారం ఈ వారమే పంపించేయండి.