వెనక సీటు కుదుపు తగ్గాలంటే చిన్న కారు మార్చాలా, ఉన్నదాన్నే బాగు చేయించాలా?

నల్గొండ జిల్లా వాసి:

ఏడేళ్లుగా ఒకే చిన్న పెట్రోలు కారు నడుపుతున్నాను. ఇంజను గురించి గానీ మైలేజీ గురించి గానీ నాకు ఫిర్యాదు లేదు. నెలకు రెండుసార్లు మా అమ్మను హైదరాబాదు నుంచి ఊరికి తీసుకువెళ్తాను. 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నంతసేపూ వెనక సీటులో నిద్రపోయే ఆమె, నకిరేకల్ దగ్గర ఊరి దారి పట్టగానే లేచి, ముందు సీటును రెండు చేతులా పట్టుకొని కూర్చుంటుంది. ఈసారి బస్సులో వస్తానని అన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది. మా సందులో పెద్ద కారుకు చోటు లేదు, అంత స్తోమతా లేదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు ఇంజను ఉన్న పెట్రోలు కార్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక, మరో చిన్న కారుకు మారితే ఈ కుదుపు నిజంగా తగ్గుతుందా అని అడుగుతున్నాను.

వరంగల్ సభ్యుడు:

తగ్గదనే నా అభిప్రాయం. ఎనిమిది వందల కిలోల కారులో ఐదుగురు ఎక్కితే దాదాపు మూడున్నర వందల కిలోలు అదనంగా చేరుతాయి. అంత బరువుకు కుంగిపోకుండా స్ప్రింగులను గట్టిగా పెట్టక తప్పదు. ఆ గట్టితనమే, ఇద్దరు మాత్రమే ప్రయాణించేటప్పుడు కుదుపుగా తెలుస్తుంది. పైగా మన స్పీడ్ బ్రేకర్లను చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం అవి 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా ఎక్కి దిగేలా ఉండాలి. ఊళ్లలో మాత్రం గట్టు కట్టినట్టు ఇరుకుగా పోస్తున్నారు. ఆ గట్టును ఏ కారు మింగగలదు?

విజయవాడ సభ్యురాలు:

బరువు గురించి వరంగల్ మిత్రులు చెప్పింది నిజమే గానీ, దాన్నిబట్టి చిన్న కార్లన్నీ ఒకటేనని తేల్చడం సరికాదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, పాత ఆల్టో 800లో 2,360 మిల్లీమీటర్లు, వ్యాగన్ఆర్‌లో 2,435, సిట్రోయెన్ సీ3లో 2,540. ఆ దూరం పెరిగిన కొద్దీ గతుకుల మీద కారు ముందుకూ వెనక్కూ ఊగడం తగ్గుతుంది, వెనక కూర్చున్నవారిని చక్రానికి కాస్త ముందుగా కూర్చోబెట్టే వీలు కూడా కలుగుతుంది.

అంతకంటే ముఖ్యమైనది టైరు. స్విఫ్ట్‌నే తీసుకుంటే, కింది వేరియంట్లకు 165/80 ఆర్14 టైర్లు, పై వేరియంట్లకు 185/65 ఆర్15 టైర్లు వస్తాయి. వీటిలో మొదటి సంఖ్య మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, గీత తర్వాతిది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. లెక్క వేస్తే మొదటిదాని పక్కగోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు, రెండోదానిది సుమారు 120. ఎక్కువ డబ్బు పెట్టి కొన్నవారికి రిమ్ముకూ రోడ్డుకూ మధ్య పన్నెండు మిల్లీమీటర్ల మెత్తదనం తక్కువ దొరుకుతోంది. అమ్మగారి కోసం కొనేటప్పుడు అల్లాయ్ చక్రాల అందం చూడకండి.

తేలిక కారు మెత్తగా ఉండలేదన్న మాట కూడా నేను ఒప్పుకోను. 1948లో పారిస్‌లో చూపించిన సిట్రోయెన్ 2సీవీ అనే తేలిక కారును, దున్నిన పొలంలో బుట్టెడు కోడిగుడ్లు పగలకుండా వెళ్లాలన్న షరతుతోనే రూపొందించారు.

వర్క్‌షాప్ నడిపే సభ్యుడు:

అయ్యా, కారు మార్చే ముందు రెండు సంగతులు చెప్పండి. టైర్లలో గాలి ఎంత ఉంది? షాక్ అబ్జార్బర్లు ఎప్పుడైనా మార్చారా? ఏడేళ్ల బండిలో వెనక షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారడం, రబ్బరు బుష్‌లు అరిగిపోవడం నేను తరచూ చూసేవే. వెనక మూల మీద గట్టిగా నొక్కి వదిలితే, మంచి బండి ఒకసారి లేచి నిలబడాలి. రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బరు పని అయిపోయినట్టే.

నల్గొండ జిల్లా వాసి:

ఈ ఉదయం చల్లగా ఉన్నప్పుడే చూశాను. డ్రైవరు తలుపు పక్కనున్న స్టిక్కరు 33 అంటే, టైర్లలో 40 ఉంది. మైలేజీ కోసం బంకులో ఎక్కువ కొట్టించడం నా అలవాటు. అందుకు అమ్మ నడుము ఖర్చవుతోందని తట్టలేదు. గాలి తగ్గించి ఊరి దారిలో ఆమెను తిప్పి తెచ్చాను. చిన్న గతుకుల దగ్గర తేడా తెలిసిందని ఆమే చెప్పింది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం వెనక భాగం ఇంకా ఎగిరిపడుతోంది, నొక్కి వదిలితే మూడుసార్లు ఊగుతోంది. మొదట వెనక షాక్ అబ్జార్బర్లు మార్పిస్తాను. అప్పటికీ చాలకపోతే కింది వేరియంటు చూస్తాను.

విజయవాడ సభ్యురాలు:

అలాగే చేయండి. షోరూంకు వెళ్లినప్పుడు స్టీరింగు మరొకరికి ఇచ్చి మీరు అమ్మగారి పక్కన వెనక కూర్చోండి, గతుకుల రోడ్డుకే తీసుకువెళ్లమనండి. బయలుదేరే ముందు టైర్లలో గాలి కొలిపించండి. కొత్త బండ్లను నిల్వ ఉంచేటప్పుడు గాలి ఎక్కువ పెడతారు. అది తగ్గించకుండా నడిపితే మంచి కారు కూడా గట్టిగానే అనిపిస్తుంది.