పద్మినికి పాత సోలెక్సే ఉంచాలా, మారుతి కార్బొరేటర్ వేయాలా?

అక్కయ్యపాలెం పద్మిని:
నాది 1983 ప్రీమియర్ పద్మిని కారు, 1089 సీసీ. కార్బొరేటర్ (ఇంజిన్‌కి పెట్రోలు, గాలి కలిపి పంపేది) బండితో వచ్చిన సోలెక్స్ కంపెనీదే. స్లోలో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) ఇంజిన్ నిలబడడం లేదు, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ కూడా ఆగుతోంది. రిపేర్ కిట్ వేయించినా అంతే. ఆటోనగర్లో మెకానిక్ “ఇది పారేయండి సార్, మారుతి 800ది పెట్టేద్దాం, మైలేజీ కూడా వస్తుంది” అంటున్నాడు. మార్చమంటారా?

అరకు రోడ్డు:
కళ్ళు మూసుకుని మార్చేయండి. మా బావ బండికి అదే ఉంది. రెండు బారెళ్ళది (గాలి పోయే దారులు రెండు) కదా, బొడ్డవర దాటి ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ తేడా తెలుస్తుంది. పార్టులు ఏ కొట్టులో అడిగినా ఇస్తారు. సోలెక్స్ జెట్ (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం ముక్క) అడిగి చూడండి, కొట్టువాడు మీ ముఖం చూస్తాడు.

లేత్ మాష్టారు:
మార్చే ముందు ఒక్క పని చెయ్యండి. ఇంజిన్ ఆపి, థ్రాటిల్ షాఫ్ట్ (గాలి దారిలో తలుపు తిరిగే ఇరుసు) చివర రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ కదపండి. టకటకా ఆడిందంటే రోగం అక్కడే ఉంది. సోలెక్స్ బాడీ మెత్తటి జింక్ మిశ్రమం. ఇన్నేళ్ళు షాఫ్ట్ తిరిగి తిరిగి ఆ రంధ్రం కోలగా అరిగిపోతుంది, ఆ సందులోంచి దొంగ గాలి లోపలికి పోతుంది. స్లోలో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందులో ఇదొకటి కలిస్తే మీరు స్క్రూ ఎంత తిప్పినా నిలకడ రాదు. కిట్‌లో వచ్చేవి ప్యాకింగులు, నీడిల్ వాల్వు, డయాఫ్రమ్. అరిగిన రంధ్రానికి కిట్ ఏం చేస్తుంది? దాన్ని రీమర్‌తో మళ్ళీ గుండ్రంగా తీయించి ఇత్తడి బుష్ (లోపలి తొడుగు) వేయించాలి. దీనికోసం కార్బొరేటరే పారేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఇక మారుతి 800ది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ కోసం చేసింది. జెట్లు, వెంచురీ (గాలి దారిలో ఇరుకు భాగం) దాని లెక్కవి. మీ మేనిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) మీద నేరుగా కూర్చోదు, మధ్యలో అల్యూమినియం ప్లేటు, దాని పైనా కిందా ప్యాకింగులు. ప్లేటు కాస్త వంకరైతే మళ్ళీ అదే దొంగ గాలి, ఈసారి రెండు చోట్ల.

అరకు రోడ్డు:
మాష్టారూ, మా బావ బండి హాయిగా తిరుగుతోంది. లెక్కలతో పనేంటి?

లేత్ మాష్టారు:
ఒకసారి స్పార్క్ ప్లగ్గు విప్పి చూడమనండి. లేత గోధుమ రంగులో ఉంటే నేనేమీ అనను. తెల్లగా ఉంటే మాత్రం పెట్రోలు చాలడం లేదు. అలా నడిస్తే వేడెక్కి, ఆ మైలేజీని ఎగ్జాస్ట్ వాల్వులు కాల్చి వసూలు చేస్తుంది.

సాగరతీరం:
ఇద్దరూ ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) మాట ఎత్తడం లేదు. పెట్రోలు కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిస్తే అది సుమారు 13.5కి దిగుతుంది. అంటే పాత జెట్‌తో ఏ కార్బొరేటరైనా లీన్‌గానే (పెట్రోలు చాలకుండా) నడుస్తుంది. ఇథనాల్ తేమ పీలుస్తుంది. అసలే మన విశాఖ తేమ గాలి, బండి నెలల తరబడి షెడ్డులో పడి ఉంటే ఫ్లోట్ చాంబర్లో (కార్బొరేటర్లో పెట్రోలు నిలిచే గిన్నె) తెల్లటి పొడి పేరుకుంటుంది. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడండి, గొట్టాలు, పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌కి ఆగేవి వేయించండి. బండి తియ్యని రోజుల్లో చాంబర్ ఖాళీ చెయ్యండి.

ఇంకో మాట. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఇంజిన్లోనూ బాడీలోనూ పెద్ద మార్పులు లేని బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్. మీ బండికి 2033లో 50 నిండుతాయి. కార్బొరేటర్ మారిస్తే అది పెద్ద మార్పా అని అప్పుడు వాదించుకోవచ్చు గానీ, పాత సోలెక్స్ చేతిలో ఉంటే ఆ గొడవే లేదు.

అరకు రోడ్డు:
2033 దాకా ఎవరు ఆగుతారండీ బాబూ! ఆయనకి రేపు ఆఫీసుకి వెళ్ళడానికి బండి కావాలి. ఇ20 బాధ రెండింటికీ ఉందని మీరే ఒప్పుకున్నారు కదా, మరి పార్టులు దొరికేదే మేలు.

అక్కయ్యపాలెం పద్మిని:
షాఫ్ట్ కదిపాను మాష్టారూ, చాలా వదులుగా ఆడుతోంది. బుష్ గాజువాకలో వేయిస్తే సరిపోతుందా?

లేత్ మాష్టారు:
ఎక్కడైనా సరే. బాడీకి రెండు వైపుల రంధ్రాలూ ఒకే వరుసలో రీమర్‌తో తీస్తాడా అని ముందే అడగండి. డ్రిల్లింగ్ మిషన్ వైపు నడిచాడంటే కార్బొరేటర్ తీసుకుని వచ్చేయండి.