పాచిక పడిందా, పడుగాకా? రూబికాన్ దగ్గర సీజర్ అన్నమాట

పాతపుస్తకం:
బళ్లో చరిత్ర పాఠంలో చదివిన వాక్యం ఒకటి రెండ్రోజులుగా తొలిచేస్తోంది. క్రీ.పూ. 49 జనవరి, రూబికాన్ నది ఒడ్డు, సైన్యంతో రోమన్ సేనాని జూలియస్ సీజర్; దాటితే రోమ్ సెనేట్ మీద యుద్ధమే. "పాచిక పడింది" అని ఉందా, "పాచిక పడుగాక" అని ఉందా? చివర "గాక" ఉన్నట్టే చెవిలో మోగుతోంది.

ఏటిగట్టు:
"గాక" ఉండే ఉంటుంది. సీజర్ జీవితం రాసిన రోమన్ రచయిత సుయెటోనియస్ రాతప్రతుల్లో ఉన్నది "ఇయాక్తా ఆలేయా ఎస్ట్", పడిపోయింది అని. 16వ శతాబ్దంలో ఎరాస్మస్ అనే పండితుడు చివర ఒక "ఓ" చేర్చి "ఎస్టో", అంటే పడుగాక, అని దిద్దాలన్నాడు. పాఠం రాసినాయన ఎరాస్మస్ పక్షం.

నిఘంటువు:
ఆ "ఓ"కి బలం గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్. సీజర్ ఆ మాట గ్రీకులో అన్నాడని సీజర్ ప్రత్యర్థి పాంపే జీవితచరిత్రలో రాశాడు: "అనెర్రిఫ్తో కుబోస్". అది విధ్యర్థకమే, సందేహం లేదు. గ్రీకు హాస్య నాటకకర్త మెనాండర్ నాటకంలోది ఆ మాట. అక్కడ యుద్ధం కాదు, పెళ్లి గొడవ. చేసుకోకురా అని ఒకడు నచ్చచెబుతుంటే, నిశ్చయించేసుకున్నాను, పాచిక పడనీ అంటాడు రెండోవాడు.

తాళపత్రం:
రాతప్రతిని దిద్దడానికి అంత తొందరేమిటి? సుయెటోనియస్‌లో ముందు వాక్యం చూడండి. దేవతల శకునాలు, శత్రువుల అన్యాయం ఎటు పిలిస్తే అటే పోదాం అంటాడు. ఆ వెంటనే "ఎస్ట్". పోదాం అన్నదానికి కారణం చెబుతున్నాడన్నమాట. జనవరి 7న సెనేట్ సీజర్‌కి వ్యతిరేకంగా అత్యవసర తీర్మానం చేసింది, అడ్డుపడ్డ ట్రిబ్యూన్లు (ప్రజల తరఫు అధికారులు) ఆంటొనీ, కాసియస్ రోమ్ వదిలి సీజర్ దగ్గరికి పరిగెత్తారు. పాచిక విసిరింది తను కాదు, సెనేట్ అన్న వాదన ఆ "ఎస్ట్"లో ఉంది. "ఎస్టో" అంటే నేరం తన నెత్తిన వేసుకున్నట్టే. సీజర్ అలా వేసుకునే మనిషి కాదు. ఆ యుద్ధం గురించి తను రాసుకున్నదాంట్లో నది పేరే ఎత్తలేదు.

ఏటిగట్టు:
పేరు ఎత్తకపోవడమే తప్పు చేశానన్న ఎరుక. పైగా అదే సుయెటోనియస్‌లో కాస్త ముందు, ఇప్పటికైనా వెనక్కి తిరగొచ్చు, ఈ చిన్న వంతెన దాటామా, ఇక అన్నీ కత్తితోనే అని సీజరే అంటాడు. వెనక్కి తిరిగే వీలుంటే పాచిక పడిపోయిందని ఎలా అంటాం?

నిఘంటువు:
నాకు "పాచిక" దగ్గరే పేచీ. ఆరు ముఖాల పాచికకి లాటిన్‌లో టెస్సెరా, ఎముక పాచికకి టాలుస్. ఆలేయా అంటే ముందు జూదం, ఆ తర్వాతే మిగతావి. "పందెం కాశాం" అంటే దగ్గరగా ఉంటుంది. "పాచిక పారింది" అని మాత్రం రాయకండి, ఎత్తు ఫలించిందని అర్థం వస్తుంది. ఫలించేదీ లేనిదీ అప్పటికి ఎవరికి తెలుసు, ఆ రాత్రి సీజర్ వెంట ఉన్నది ఒక్క 13వ లెజియన్ (రోమన్ సైనిక దళం).

వెన్నెలరేయి:
ఈ యుద్ధం మీద కావ్యం రాసిన రోమన్ కవి లూకన్‌ని అందరూ మర్చిపోయారు! ఆయన రూబికాన్ ఘట్టంలో పాచిక ఊసే లేదు. చీకట్లో జుట్టు విరబోసుకున్న స్వదేశం ఎదురొచ్చి, నా ధ్వజాలు ఎక్కడికి మోసుకుపోతున్నారని అడుగుతుంది. సీజర్‌కి ఒళ్లు వణికి కాళ్లు ఆగిపోతాయి. లూకన్ "ఆలేయా"ని ఆరో కాండకి దాచుకున్నాడు: సీజర్, పాంపే తలపడ్డ డిరాకియం దగ్గర, ఇద్దరిలో ఒకరి తల ముంచేసే విధి జూదం. నీరో చక్రవర్తి మీద కుట్రలో దొరికి లూకన్ 25 ఏళ్లకే చచ్చిపోవాల్సి వచ్చింది, కావ్యం పదో కాండలో ఆగిపోయింది. గెలిచిన పక్షం దేవతలకి నచ్చింది, ఓడిన పక్షం కేటోకి (సీజర్‌ని ఎదిరించిన గణతంత్రవాది) నచ్చింది అన్న ఒక్క పాదం చాలు, గణతంత్రం పోయినందుకు ఏడవడానికి.

తాళపత్రం:
ఆ పాదం నాకూ ప్రాణం. కానీ లూకన్ భారమంతా సీజర్ మీద వేసేశాడు. క్రీ.పూ. 133లో సెనేటర్లే బల్లల కాళ్లు విరిచి పట్టుకొచ్చి ట్రిబ్యూన్ టైబీరియస్ గ్రాకస్‌ని, ఆయన మనుషుల్ని కొట్టి చంపారు. 88లో సుల్లా అనే సేనాని సైన్యంతో ఏకంగా రోమ్‌లోకే నడిచాడు. ఆ ఎనభై ఏళ్లూ "ఎస్ట్" వెనక ఉన్నాయి.

పాతపుస్తకం:
మా పాఠంలో గ్రాకస్ ఒక్క పేరాలో అయిపోయాడు. మరి నా "గాక" సంగతి?

నిఘంటువు:
ఉంచుకోండి. గ్రీకులో అన్నాడని ప్లూటార్క్ స్పష్టంగా రాశాక లాటిన్ క్రియ మీద పంతం దేనికి?

తాళపత్రం:
ప్లూటార్క్, సుయెటోనియస్ ఇద్దరూ శతాబ్దం దాటాక రాసినవాళ్లే. ఆ రాత్రి సీజర్ పక్కనే ఉన్న పోలియో రాసిన చరిత్ర మిగల్లేదు. అది దొరికేదాకా నేను రాతప్రతిలో ఉన్నదే చదువుతాను.