‘ఫ్లవర్స్’ లాంటి పాటలు కాపురాలు చెడగొడుతున్నాయా?

గంటస్తంభం, విజయనగరం:
అమెరికా గాయని మైలీ సైరస్ పాడిన ‘ఫ్లవర్స్’ పాట 2023 జనవరిలో వచ్చింది. మరుసటి ఏడాది రికార్డ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీ అవార్డు కూడా వచ్చింది. పాటలో, ఒక బంధంలోంచి బయటపడ్డ ఆవిడ, నా పూలు నేనే కొనుక్కోగలను, నాతో నేనే గంటలకొద్దీ మాట్లాడుకోగలను అంటుంది. మొన్న మా పిన్ని కూతురు ఈ పాట పెడితే మా మేనత్త, "ఇలాంటివి వినే కాపురాలు చెడిపోతున్నాయి" అంది. నేను ఏడేళ్ల కాపురం వదిలి వచ్చినదాన్నని తెలిసీ నా ముందే అంది.

నేను పాట విని రాలేదు. వచ్చిన రెండేళ్లకు విన్నాను. శ్రీకాకుళంలో ఉన్న ఆ ఏడేళ్లలో ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. తాగడు. నేను మాట్లాడుతుంటే టీవీ సౌండ్ పెంచేవాడు. జ్వరమొచ్చి పడుకుంటే "మరి వంట?" అనేవాడు. ఎలా ఉందని అడగడు. పుట్టింటికి వచ్చాక అందరూ అడిగింది ఒకటే: కొట్టాడా? తాగుతాడా? లేదంటే, "మరేటి తక్కువైందే నీకు?" దానికి ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. తప్పు నాదేనేమో అని చాలా రోజులు నిద్ర పట్టలేదు.

ఆ కొత్తలో ఒకరోజు గంటస్తంభం దగ్గర మూర మల్లెపూలు కొని తల్లో పెట్టుకున్నాను. ఎదురింటావిడ మా అమ్మతో "ఎవరి కోసమట?" అంది. అమ్మ ఏడ్చింది. నేను పూలు తీసేశాను. అందుకే ఆ పాటలో పూల మాట రాగానే నాకు గొంతు పట్టేసింది. అమెరికాలో ఆ మాట ఎలా వినిపిస్తుందో గానీ, మొగుణ్ని వదిలేసిన ఆడది తన పూలు తాను కొనుక్కోవడం మన వీధుల్లో చిన్న పని కాదు.

కొట్టడం, తాగడం ఉంటేనే బయటికి రావాలా? ప్రేమ లేకపోవడం ఒక్కటే చాలదా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
అమ్మా, నీ బాధ కాదనను. కానీ ఆ పాట పాడినావిడకు ఇల్లుంది, డబ్బుంది. మా వీధిలో ఒకమ్మాయి ఇద్దరు పిల్లలతో వచ్చేసి ప్రైవేటు స్కూల్లో పనికి చేరింది. ఒకటో తారీఖు వస్తోందంటే అద్దె టెన్షన్. మూడు నిమిషాల ఇరవై సెకన్ల పాటలో ఆ అద్దె సంగతి ఉండదు. ఇంకో మాట. మా ఆవిడా నేనూ మొదట్లో సరిగా మాట్లాడుకునేవాళ్లమే కాదు. ప్రేమ పదేళ్లకు వచ్చింది. తొందరపడితే అది రాకుండానే పోయేది.

జీడిపిక్కలు, పలాస:
బాబాయ్, ఈ ధైర్యం పాటలతో వచ్చిందని మాత్రం అనొద్దు. మా అమ్మమ్మ మొదటి మొగుణ్ని వదిలేసి, పెద్దల్లో తగువు పెట్టించుకుని, మారుమనువు వెళ్లింది. మా అమ్మ ఆ రెండో కాపురంలోనే పుట్టింది. అమ్మమ్మ జీడిపిక్కలు ఒలిచి బతికింది. జీడి అంటి వేళ్లు నల్లగా మాడిపోయి ఉండేవి. ఆ చేతులతోనే పిల్లల్ని పెంచింది. అద్దె కష్టం ఆవిడకు తెలియక కాదు, అయినా వచ్చేసింది.

మూడులాంతర్లు, విజయనగరం:
మన గురజాడ పూర్ణమ్మను తలుచుకోండి. ఆ పిల్ల చేతిలోనూ పూలే. రోజూ దుర్గ పూజకు పూలు కోసేది. డబ్బు తీసుకుని ముసలివాడికిచ్చి చేశారు. అత్తారింటికి పంపే రోజున అందరికీ చెప్పుకుని వెళ్లిన పిల్ల మళ్లీ ఇంటికి రాలేదు. ఆ పిల్లకు ఇంకో దారి చూపించినవాళ్లు లేరు. దారి ఉందని ఒక పాట చెబితే మనకెందుకు భయం?

పైగా 2005 గృహహింస చట్టం కొట్టడాన్నే హింస అనలేదు. మాటలతో, మనసుతో, డబ్బుతో పెట్టే హింసను కూడా అందులో చేర్చింది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. అద్దె గురించి బెంగపడేవాళ్లకు ఈ సంగతి కూడా చెప్పండి.

గంటస్తంభం, విజయనగరం:
నాగావళి గట్టు బాబాయ్ గారూ, అద్దె మాట నిజం. నేను బట్టల షాపులో బిల్లింగ్‌లో ఉన్నాను. నెలాఖరుకి నా చేతిలోనూ ఏమీ ఉండదు. కానీ మీకు పదేళ్లకు ప్రేమ వచ్చిందంటే, ఆ పదేళ్లూ పిన్నిగారితో పాటు మీరూ ఎదురుచూశారు. మా ఇంట్లో ఎదురుచూసింది నేనొక్కదాన్నే.

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
ఈ మాట ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ, "ఆ పిల్ల చెప్పింది నిజమే, నువ్వు మాట్లాడకపోయినా నేను తిన్నానో లేదో చూసేవాడివి" అంది. సరేనమ్మా, నీ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లలున్న చోట మాత్రం, వచ్చేసే ముందు ఒక్క ఏడాదైనా ఆగి చూడమనే చెబుతాను.

జీడిపిక్కలు, పలాస:
ఆ ఏడాది ఆగి చూడమని మొగుడికి కూడా చెప్పండి బాబాయ్.